చూపు లేని చేప: మారియో నీళ్ళలో నలభై ఏళ్ళు

(రికార్డింగ్ విని రాసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం, మాట తీరు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్ళు "గేముల్లో శత్రువుల గురించి మాట్లాడండి" అన్నారు. శత్రువు అనగానే అందరికీ గుర్తొచ్చేది ఎవరు? చివర్లో వచ్చే పెద్ద విలన్. కోట ఉన్నవాడు, నిప్పులు కక్కేవాడు, రాకుమారిని ఎత్తుకుపోయినవాడు. వాడి గురించి మాట్లాడటానికి చాలామంది ఉన్నారు. నేను ఇవాళ ఒక చేప గురించి మాట్లాడతాను. మొత్తం ప్రసంగం ఒక్క చేప మీదే. లేచి వెళ్ళాలనుకునేవాళ్ళు ఇప్పుడే వెళ్ళొచ్చు, నేనేమీ అనుకోను.

సూపర్ మారియో ఆడినవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. సరే, దాదాపు అందరూ. అందులో ఎర్రచేప చేతిలో చచ్చినవాళ్ళు? మళ్ళీ అందరూ. ఇప్పుడు ఆ చేప పేరు తెలిసినవాళ్ళు మాత్రం చేతులు దించకండి. చూశారా, ఎన్ని దిగిపోయాయో! ఎన్నిసార్లు చచ్చామో లెక్కలేదు గానీ, చంపినదాని పేరు మాత్రం తెలీదు.

దాని పేరు చీప్ చీప్. ముందు వరసలో ఎవరో నవ్వుతున్నారు. చౌక, చౌక అని కాదండీ. ఇంగ్లీషులో అది పక్షిపిల్ల కూత. చేపకి పక్షి కూత పేరేమిటి? ఆ చేపకి పక్షి రెక్కల్లాంటి ఈతరెక్కలుంటాయి, అది ఎగురుతుంది కూడా. ఆ సంగతి తర్వాత చెప్తాను. పుట్టింటి పేరు వేరే ఉంది, జపాన్‌లో దాన్ని పుకుపుకు అంటారు. నీళ్ళలోంచి బుడగలు పైకి లేస్తుంటే వచ్చే చప్పుడుకి జపాన్‌వాళ్ళ మాట అది. మనం బుడబుడ అంటాం చూడండి, అలాంటిదే. ఒకరికి బుడగలు వినిపించాయి, ఇంకొకరికి పక్షి వినిపించింది. చేప మాత్రం నోరు తెరిచి ఏమీ అనలేదు.

మీరు చౌక అనుకున్నారే, అందులోనూ కొంత నిజముంది. దానికీ వస్తాను.

1985 సెప్టెంబరు 13న జపాన్‌లో ఫామికాం అనే గేము యంత్రం మీద సూపర్ మారియో బ్రదర్స్ వచ్చింది. మొదటి వరల్డ్‌లో ఏం నేర్పారు మనకి? పరిగెత్తు, ఎగురు, నెత్తిన తొక్కు. నడిచొచ్చే ప్రతివాడికీ ఒకటే జవాబు, నెత్తిన తొక్కడం. వేలికి అదే అలవాటైపోతుంది. ఎదురుగా ఏది కనిపించినా ఎగిరి మీద పడిపోతాం. ఐదు లెవెల్స్ పాటు అదే పాఠం. తర్వాత 2-2లో, అంటే రెండో వరల్డ్ రెండో లెవెల్లో, పైపులోంచి నీళ్ళలోకి దింపుతారు. ఎదురుగా ఒక చేప వస్తుంది. మనమేం చేస్తాం? మీద పడతాం. చస్తాం.

నీళ్ళలో తొక్కుడు లేదు! ఆ సంగతి ఎవరూ చెప్పరు. బోర్డు లేదు, హెచ్చరిక లేదు. చావు ద్వారానే తెలుస్తుంది. చేతిలో ఫైర్‌బాల్ ఉంటే కాల్చొచ్చు, నక్షత్రం ఉంటే గుద్దుకుంటూ పోవచ్చు. రెండూ లేకపోతే పక్కకి తప్పుకోవడమే. అప్పటిదాకా వేటగాడిగా ఉన్నవాడు ఒక్క పైపు దాటేసరికి బాటసారి అయిపోయాడు.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు మాట ఉంది. ఆ చేప మనల్ని వేటాడటం లేదు. దానికి కళ్ళు గీశారు, గుండ్రటి పెద్ద కళ్ళు. చూపు మాత్రం పెట్టలేదు. మారియో ఎక్కడున్నాడో దానికి తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. కుడి నుంచి వస్తుంది, ఎడమకి పోతుంది. ఆగదు, తిరగదు, వెనక్కి చూడదు. మీరు అడ్డం వస్తే మీరు పోతారు, రాకపోతే అది పోతుంది. దాని దోవన అది పోతోందండీ! మనమే దాన్ని శత్రువు అంటున్నాం.

నమ్మకం కలగడం లేదా? లోపల ఏముందో చూద్దాం. ఆ గేము ప్రోగ్రాం మొత్తం 32 కిలోబైట్లు, బొమ్మలకి ఇంకో 8. అంతే. ఇవాళ ఫోన్లో మీరు తీసే ఒక్క ఫొటో అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఆ చిన్న ప్రోగ్రాంని అభిమానులు విడదీసి, ప్రతి వరస పక్కన అదేం చేస్తుందో వివరం రాసి పెట్టారు. నేను అందులో చేప ఉన్న చోటే పదేపదే చదివాను. నా తీరిక సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది.

అందులో ఏముందంటే, చేపలు రెండు రకాలు, బూడిద రంగుది ఒకటి, ఎర్రది ఒకటి. రెండింటికీ బొమ్మ ఒక్కటే! రంగుల పట్టీ మార్చారు, అంతే. ఇదే గేములో మేఘం, పొద కూడా ఒకటే బొమ్మ, తెల్లగా వేస్తే మేఘం, పచ్చగా వేస్తే పొద. చౌక అన్నది అందుకే. చోటు లేదు కాబట్టి ఒక చేపని రెండు చేపలు చేశారు. కానీ రంగు మార్చి ఊరుకోలేదు, వేగం కూడా మార్చారు. బూడిద చేప ఒక ఫ్రేముకి, అంటే తెర మీద బొమ్మ ఒకసారి మారేలోగా, పావు పిక్సెల్ కదులుతుంది. ఎర్రది అర పిక్సెల్. సెకనుకి 60 ఫ్రేములు అనుకుంటే బూడిదది సెకనుకి 15 పిక్సెళ్ళు, ఎర్రది 30. తెర వెడల్పు 256 పిక్సెళ్ళు. మీరు కదలకుండా నిలబడితే బూడిద చేప తెర దాటడానికి దాదాపు 17 సెకన్లు తీసుకుంటుంది. పదిహేడు సెకన్లు! అంత నింపాదిగా వచ్చే శత్రువు చేతిలో మనం చచ్చాం. సిగ్గుపడాల్సిన పనిలేదు, నేనూ చచ్చాను.

రెండో సంగతి నాకు చాలా ఇష్టం. చిన్నప్పుడు నాకు ఒక నమ్మకం ఉండేది, కొన్ని చేపలు మంచివి, కొన్ని పొగరుబోతువి అని. మంచివి సూటిగా వస్తాయి. పొగరుబోతువి పైకీ కిందికీ ఊగుతూ వస్తాయి, తప్పించుకుందామంటే ఎటు పోవాలో తెలీదు. మీలో ఎవరికైనా అలా అనిపించిందా? కొందరు తల ఊపుతున్నారు. రంగుని బట్టి అనుకున్నారా? కాదు. ఆ గేము ఒకేసారి ఐదు శత్రువుల్ని గుర్తుపెట్టుకోగలదు. ఐదు గదులు అనుకోండి. చేప మొదటి రెండు గదుల్లో పుడితే సూటిగా పోతుంది. మూడో గదిలోనో ఆ తర్వాతో పుడితే ఊగుతుంది. అంతే! స్వభావం కాదు, కోపం కాదు. పుట్టిన గది నంబరు. జాతకం అన్నమాట. ఆ ఊగడం కూడా అటు ఓ పదిహేను పిక్సెళ్ళు, ఇటు ఓ పదిహేను పిక్సెళ్ళు, దాని హద్దు దాటదు.

ఈ చేపల్ని ఒకదాని తర్వాత ఒకటి పుట్టించే యంత్రం ఒకటి ఉంది లోపల. అది మొదటి మూడు గదుల్లోనే చేపల్ని పెడుతుంది. అంటే ఆ యంత్రం నుంచి వచ్చే మూడు చేపల్లో ఊగేది ఒక్కటే. మిగతా రెండూ సూటిగా పోతాయి. ఎంత లెక్క కుదిరిందో చూడండి. మూడూ ఊగితే దారి దొరకదు, మూడూ సూటిగా పోతే విసుగొస్తుంది. కావాలని చేశారా, కుదిరిందా? నాకు కావాలని చేసినట్టే అనిపిస్తుంది.

మరి ఏ ఎత్తులో రావాలో ఎవరు చెప్తారు? ఎనిమిది వరసలున్నాయి. లాటరీ తీసినట్టు ఒకటి తీస్తుంది. కానీ ఒకసారి వచ్చిన వరస మళ్ళీ వెంటనే రాదు. ఎనిమిదీ అయిపోయాకే చీట్లన్నీ తిరిగి కలుపుతుంది. పేకముక్కలు పంచినట్టు. దీనివల్ల ఏమవుతుంది? ఒకే ఎత్తులో వరసగా చేపలు రావు. అలాగని ఒక మూల నక్కి కూర్చుంటే అక్కడికి ఎప్పటికీ రావనీ కాదు. నీళ్ళంతా నిండుగా ఉన్నట్టు అనిపిస్తుంది, నిజానికి ఉన్నవి మూడు చేపలు.

దీనికి ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. ఫామికాం తెర మీద ఒక అడ్డగీతలో ఎనిమిది చిన్న బొమ్మముక్కలకి మించి చూపించలేదు. ఒక్కో ముక్క వెడల్పు 8 పిక్సెళ్ళు. చేప వెడల్పు 16, అంటే రెండు ముక్కలు. మారియో కూడా రెండు. ఒకే గీతలో నలుగురు పడతారు, ఐదోవాడు మినుకుమినుకుమంటాడు, లేదా మాయమైపోతాడు. చేపల్ని వేరువేరు వరసల్లో పంచేస్తే ఆ బాధ తగ్గుతుంది కదా. ఇది నా ఊహే, ఎవరూ చెప్పింది కాదు.

ఇంకొకటి చెప్పి లెక్కలు ఆపేస్తాను, కొందరికి ఆవలింతలు వస్తున్నాయి. 7-2 కూడా నీళ్ళ లెవెలే. 2-2కీ 7-2కీ పటం ఒక్కటే, తెలుసా? అదే డేటాని రెండుసార్లు వాడారు. మరి 7-2 ఎందుకంత కష్టం? శత్రువులు పెరుగుతారు, అదొకటి. చేపల రంగు విషయంలో ఇంకో కిటుకు ఉంది. ప్రోగ్రాం అడుగుతుంది, ఇది రెండో వరల్డా? అవునంటే మూడింట రెండు వంతులు బూడిద చేపలు, ఒక వంతు ఎర్రవి. కాదంటే లెక్క తిరగబడుతుంది, మూడింట రెండు వంతులు ఎర్రవి. ఎర్రవంటే రెట్టింపు వేగం. అదే సముద్రం, అవే పగడాలు, అవే సుడిగుండాలు. ఒక్క ప్రశ్నకి జవాబు మారింది, సముద్రమే మారిపోయింది.

ఇప్పుడు మీరు అడగొచ్చు, నీళ్ళలో వెంటపడేవాళ్ళు ఎవరూ లేరా అని. ఉన్నారు. బ్లూపర్, తెల్లటి కణవ, అంటే స్క్విడ్. దానికి చూపుంది. మారియో ఎటుంటే అటు తిరుగుతుంది, ఒక ఊపు ఊపి పైకి, మళ్ళీ మెల్లగా కిందికి. మనం ఈదే తీరు కూడా అదే కదా? ఒక నొక్కు, పైకి. వదిలేస్తే కిందికి. బ్లూపర్ మనలాగే ఈదుతుంది, అందుకే దాన్ని చూస్తే కోపం వస్తుంది. చేప అలా కాదు. బ్లూపర్ నుంచి తప్పించుకుంటూ వెనక్కి వెళ్ళి చేపకి తగులుతాం. చంపింది చేపే, కానీ తోసింది కణవ. ఆ ఇద్దర్నీ ఒకే నీళ్ళలో పెట్టారు చూడండి, అక్కడుంది తెలివి. ఒకరు వెంటపడేవాడు, ఒకరు పట్టించుకోనివాడు. ఇద్దరూ వెంటపడేవాళ్ళే అయితే ఇద్దర్నీ కలిపి ఒకవైపు లాక్కెళ్ళొచ్చు. పట్టించుకోనివాణ్ణి ఎటూ లాగలేం.

పాట కూడా గుర్తుండే ఉంటుంది మీకు. కోజీ కోండో కట్టిన నీళ్ళ పాట. నేల మీద పాట గెంతుతుంది. నీళ్ళలోది వాల్ట్జ్, మూడేసి దెబ్బల నడక, మన లెక్కలో తిశ్రం. ఊయల ఊపినట్టుంటుంది. చచ్చేచోట జోలపాట పెట్టారు! ఆ పాటలో కంగారు లేదు. చేపలోనూ కంగారు లేదు. కంగారంతా మనదే.

నీళ్ళ తర్వాత 2-3. వంతెన. అక్కడ ఇవే చేపలు తెర అడుగు నుంచి గాల్లోకి లేస్తాయి. పక్షి కూత పేరు ఇక్కడ సార్థకమైంది. నిజం సముద్రంలోనూ ఎగిరే చేపలున్నాయి, అవి రెక్కలు కొట్టవు, నీళ్ళలో వేగం పుంజుకుని పైకి లేచి, ఆ ఈతరెక్కలు చాచి గాల్లో జారుకుంటూ పోతాయి. మారియోలో చేప కూడా అలాగే, లేచి, వంపు తిరిగి, పడిపోతుంది. కానీ ఇక్కడ ఒక తేడా ఉంది. ఈ ఎగిరే చేపని ఎక్కడ పుట్టించాలో లెక్కవేసేటప్పుడు ప్రోగ్రాం మారియో ఎక్కడున్నాడో చూస్తుంది, ఎంత వేగంగా పోతున్నాడో కూడా చూస్తుంది. చేప చూడటం లేదు, చేపని విసిరే చెయ్యి చూస్తోంది. పరిగెత్తేవాడి ముందు పడేలా విసురుతుంది. అయినా వంతెన మీద చాలామందికి భయం వేయదు, ఎందుకంటే అక్కడ గాలి ఉంది, తొక్కొచ్చు. నీళ్ళలో 17 సెకన్ల చేపకి భయపడినవాళ్ళమే, గాల్లో దూసుకొచ్చే చేపని నెత్తిన తొక్కి నవ్వుకుంటాం. చేప అదే. కాలికింద ఉన్నది మారింది.

తర్వాతి గేములు కొంచెం వేగంగా చెప్తాను. 1988లో మూడో సూపర్ మారియో వచ్చింది. అందులో మూడో వరల్డ్ అంతా సముద్రం. అక్కడ చేపకి ఆకలి పెట్టారు. పెద్ద చేప ఒకటి నీళ్ళ పైభాగాన తిరుగుతూ ఉంటుంది, ఎగిరి మారియోని మొత్తంగా మింగేస్తుంది. దెబ్బ తగిలి చిన్నవాడవడం ఉండదు, ఒక్క గుటక. ఇంకో పెద్ద చేప నోట్లో పిల్లని పెట్టుకుని తిరుగుతుంది, బయటికి వదుల్తుంది, మళ్ళీ నోట్లోకి తీసుకుంటుంది. అది చూసి నవ్వుకున్నాను గానీ, తిలాపియా జాతుల్లో కొన్ని నిజంగానే గుడ్లనీ పిల్లల్నీ నోట్లో దాచుకుంటాయి. అదే గేములో మారియోకి కప్ప సూట్ ఇచ్చారు. చేప బలం పెంచారు, ఈత బలం కూడా పెంచారు. బాకీ తీర్చినట్టు.

1990లో సూపర్ మారియో వరల్డ్. ఇందులో నాకు నచ్చింది నిద్రపోయే చేప. అడుగున పడుకుని గురకపెడుతూ ఉంటుంది. దూరంగా ఉన్నంతసేపు కుంభకర్ణుడే. దగ్గరికెళ్తే మాత్రం కళ్ళు తెరిచి వెంటపడుతుంది. చూపు లేని చేపని మొదట చూశాం, ఇది చూపు మూసుకున్న చేప. తేడా ఏమిటంటే, దీని విషయంలో తప్పు మనదవుతుంది. మనం లేపాం. అదే గేములో మామూలు చీప్ చీప్ నేల మీద పడితే ఒట్టి చేపలా కొట్టుకుంటుంది, మారియో తగిలితే తన్ని పారేస్తాడు. జాలేస్తుంది.

1996లో మారియో 64, మూడు కొలతల లోకం. ఇక్కడ పాత చేపకి గట్టి దెబ్బ తగిలింది. ఎందుకో ఆలోచించండి. తెర బల్లపరుపుగా ఉన్నప్పుడు మూడు చేపలు దారి మూసేయగలవు. లోతు కూడా వచ్చాక? పక్కనుంచి వెళ్ళిపోతాం. పట్టించుకోని చేపని మనమూ పట్టించుకోం. అందుకే ఆ గేములో నీళ్ళలో భయం ఊపిరి మీదకి మళ్ళింది. మునిగి ఉన్నంతసేపు గాలి మీటర్ తగ్గుతూ పోతుంది. 1985లో మారియో ఎంతసేపైనా నీళ్ళలో ఉండగలిగాడు, టైం ఒక్కటే హద్దు. ఇక చేపతో భయపెట్టాలంటే మింగే చేప కావాలి. టైనీ-హ్యూజ్ ఐలండ్‌లో బబ్బా అని ఒకటుంది, ఒడ్డున నిర్లక్ష్యంగా ఈదుతున్నవాణ్ణి అమాంతం మింగేస్తుంది. 2006 నాటి న్యూ సూపర్ మారియో బ్రదర్స్‌లో చీప్ చాంప్ కూడా అంతే, నోరు తెరుచుకుని వెంటపడుతుంది. నాకు ఈ మింగే చేపలంటే పెద్ద గౌరవం లేదండీ. భయపెట్టడం అందరికీ వచ్చు. ఊరికే పోతూ భయపెట్టడమే కష్టం.

ఇక 2017, సూపర్ మారియో ఒడిస్సీ. టోపీ విసిరితే ఎదుటి ప్రాణిలోకి మారియో దూరిపోతాడు. చీప్ చీప్ మీద విసరండి. చేపకి ఎర్రటోపీ వస్తుంది, మీసం వస్తుంది. చేపకి మీసం! ఆ తర్వాత నీళ్ళలో ఊపిరి బెంగ లేదు, ఎందుకంటే ఇప్పుడు మీరే చేప. ముప్పై రెండేళ్ళు మనల్ని చూడకుండా పక్కనుంచి వెళ్ళిపోయిన జీవి కళ్ళ వెనక కూర్చుంటాం. నేను మొదటిసారి అలా దూరాక ఏం చేశానో తెలుసా? నాణేలు ఏరలేదు. ఒక సూటి గీతలో, ఒకే ఎత్తులో, అటూ ఇటూ తిరక్కుండా కాసేపు ఈదాను. పక్కన చూసేవాళ్ళకి నాకేమైందో అర్థం కాలేదు. 2025లో వచ్చిన మారియో కార్ట్ వరల్డ్‌లో అదే చేప డ్రైవర్ సీట్లో కూర్చుని బండి తోలుతుంది. దానికి స్టీరింగ్ ఇచ్చారు, అంటే పక్కకి తిరగడం కూడా వచ్చేసిందన్నమాట.

ప్రశ్నలు ఉంటే అడగండి. ఆ వెనక ఉన్నాయన... మైనస్ వరల్డ్ గురించా? మంచి ప్రశ్న. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మొదటి గేము కాట్రిడ్జ్‌లో 1-2 చివర ఒక గోడలోంచి దూరి పైపులోకి వెళ్తే తెర మీద "వరల్డ్ -1" అని వస్తుంది. నిజానికి అది 36వ వరల్డ్. 36వ బొమ్మ ఖాళీ గడి కాబట్టి అంకె కనిపించక, గీత మాత్రం మిగిలింది. లోపల ఉన్నది ఏ లెవెల్? అదే నీళ్ళు, 2-2 పటమే. మరి అక్కడ చేపలు ఏ రంగువి అని కదా మీ ప్రశ్న? ప్రోగ్రాం మళ్ళీ అదే అడుగుతుంది, ఇది రెండో వరల్డా? కాదు. కాబట్టి ఎర్రవే ఎక్కువ. చివర పైపు ఎక్కితే మళ్ళీ మొదటికే తెస్తుంది. టైం అయిపోయేదాకా మీరు అందులో తిరగాల్సిందే. చేపలు మాత్రం ఎడమ అంచు దాటి వెళ్ళిపోతాయి.